మన ఊరి ఉన్నత పాఠశాల బిడ్డకు విశ్వవిద్యాలయమున చోటు గలదా?

వేసవి దుక్కుల కాలమున పదవ తరగతి ఫలితములు వెలువడుట యేటేట జరుగుచున్నదే. ఆ వారము దినములును మా ప్రదర్శన క్షేత్రమునకు వచ్చు రైతులు విత్తనముల మాట పిదప నడుగుదురు; బిడ్డల మాట ముందుగా నడుగుదురు. గడచిన వేసవిలో మూడెకరముల రైతొకడు మార్కుల కాగితము చేతబట్టుకొని గట్టుమీద నిలిచి, "అయ్యా, మా అమ్మాయికి ఆఱువందలకు 568 వచ్చినవండి. మనబోటివాళ్లకు సర్కారు పెద్దచదువులో సీటు వస్తుందంటారా? లేకుంటే ఎకరము తాకట్టు పెట్టి పట్నములో చేర్పించమంటారా?" అని యడిగెను.

ఈ ప్రశ్నలో బిడ్డ భవిష్యత్తును, భూమి భవిష్యత్తును ఒకే ముడిలో నున్నవి. కావున దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు. మా యభిప్రాయమును ముందే చెప్పెదము. గ్రామ పాఠశాల బిడ్డకు రాష్ట్ర విశ్వవిద్యాలయమున చోటు గలదు. కాని యా చోటు ఏ కొలతతో నీయబడుచున్నదో మనలో పెక్కుమంది యెఱుగరు. ఆ కొలత న్యాయమైన చోట దానిని మనము కాపాడుకొనవలెను. చాలని చోట సరిచేయుమని యడుగవలెను.

మొదట ఉన్న సంగతి చూతము. మన జనులు ట్రిపుల్ ఐటీ అని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము 2008వ సంవత్సరమున శాసనముచే నేర్పడినది. గ్రామములందలి తెలివిగల బిడ్డల కొఱకే దీనిని స్థాపించిరి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర అను మూడు చోట్ల మొదట ఆరంభించిరి. 2014లో రాష్ట్రము రెండైనపుడు బాసర తెలంగాణమున నిలిచెను. ఆంధ్రప్రదేశమున 2016లో ఒంగోలు, శ్రీకాకుళము కేంద్రములు చేరెను. పదవ తరగతి ముగించిన బిడ్డ నేరుగా విశ్వవిద్యాలయమున చేరి, రెండేండ్లు ఇంటర్మీడియట్‌తో సమానమైన చదువును, నాలుగేండ్లు ఇంజనీరింగును, మొత్తము ఆఱేండ్లు అచ్చటనే యుండి చదువును. ఉన్నత పాఠశాల వాకిలి దాటగానే విశ్వవిద్యాలయపు వాకిలి కనబడుట సామాన్యమైన సంగతి కాదు.

ఇక లెక్క చూడుడు. ఆంధ్రప్రదేశమున నాలుగు కేంద్రములందును కలిపి ఏటేట నిండు చోట్లు నాలుగు వేలకు కొంచెము పైబడియున్నవి. పదవ తరగతి పరీక్ష వ్రాయు బిడ్డలు ఇంచుమించు ఆఱు లక్షలు. అనగా నూట నలుబది, నూట యేబది మందికి ఒక్కరికి చోటు. ఇది సన్నని దారియే. కాని మూసిన దారి కాదు. మీ ఊరి ఉన్నత పాఠశాలలోను, చుట్టుప్రక్కల నాలుగైదు ఊళ్ల పాఠశాలలలోను పదవ తరగతి బిడ్డలను లెక్కించినయెడల నూట యేబదికి తక్కువ కారు. వారిలో ఒక్కరికైనను ఈ చోటు రావలసియున్నది. రాకున్నచో ఎందుకు రాలేదని యడుగు హక్కు మనకు గలదు.

ఈ విశ్వవిద్యాలయమున ప్రవేశము పదవ తరగతి మార్కులనుబట్టి యిత్తురు. ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, మునిసిపల్ పాఠశాలలలో హాస్టలు వసతి లేక, ఇంటినుండి పోయి వచ్చుచు చదివిన బిడ్డకు నూటికి నాలుగు వంతున మార్కులు అదనముగా చేర్చి లెక్కింతురు. ఆఱు వందలకు ఇది 24 మార్కులగును. పై చెప్పిన బాలిక మార్కులు 568. ఆమెను 592 వచ్చినదానిగా నెంచుదురు. ఇద్దఱికి సమానముగా వచ్చినచో ముందు గణితమున, పిదప విజ్ఞానశాస్త్రమున ఎవరికెక్కువ వచ్చినదో చూతురు. రిజర్వేషనులు వీనితోపాటు వర్తించును.

ఇచ్చట కొందఱు పట్టణవాసులు, "ఇరువది నాలుగు మార్కులు ఊరకే యిచ్చుట యేమి న్యాయము? చదివినవాని కష్టమును చదువనివానికి పంచినట్లు గాదా?" అందురు. ఈ మాటకు జవాబు చెప్పుటకు పండితుడు అక్కఱలేదు; కాలువ చివరి రైతు చాలును.

కాలువ మొదట భూమి గల రైతు నారు వేయదలచిన దినమున నీరు పెట్టుకొనును. చివరి భూమి రైతు పై తూములన్నియు తనిసిన పిదప మిగిలిన నీటికై రాత్రులు కాపుండును. వానికి నాట్లు ఆలస్యమగును. చీడ ముందుగా వచ్చును. మొదటివాడు ఎకరమునకు 34 బస్తాలు పండించి, చివరివాడు 30 బస్తాలు పండించెనేని, ఇద్దఱిలో ఎవడు గట్టి సేద్యగాడు? ఈ ప్రశ్నను మేము పెక్కు సభలలో నడిగితిమి. కాలువ మొదటి రైతులు సైతము చివరివానినే చూపిరి. గింజలను మాత్రమే లెక్కించినయెడల నీటిని లెక్కించినట్లు కాదు. ఆ నాలుగు బస్తాల తేడాలో ఎంత నేర్పుది, ఎంత తూముది అని విడదీయువాడే సరియైన పరీక్షకుడు.

మా వృత్తిలో ఇది మొదటి పాఠము. క్రొత్త వరి వంగడమును పరీక్షించునపుడు దానిని ఒక ఊరి నల్లరేగడిలో వేసి, పాత వంగడమును మఱొక ఊరి ఎఱ్ఱనేలలో వేసి, రెంటి దిగుబడిని పోల్చితిమని చెప్పినచో మా పై యధికారులు కాగితమును మా ముఖముననే విసరివేయుదురు. ఒకే మడిని రెండుగా చీల్చి, ఒకే నీరు, ఒకే యెరువు, ఒకే దినమున నాట్లు వేసి, అప్పుడు చూడవలెను. పైరు విషయమున ఇంత జాగ్రత్త పడు మనము బిడ్డల విషయమున ఏల పడము? తల్లి కూలికి పోగా తమ్ముని నెత్తుకొని, పాలు పిండి, మూడు మైళ్లు నడచి బడికి పోవు బాలికయు, ఉదయమైదు గంటలనుండి రాత్రి పది గంటల వఱకు ఉపాధ్యాయుల నడుమ నుండు బాలుడును ఒకే మడిలోని పైరులా? ఆ 24 మార్కులు దానము కావు. నేల తేడాకు వేసిన దిద్దుబాటు మాత్రమే.

మేము చిన్ననాడు చదివినది ఒక మిషను పాఠశాల. అచ్చటి గణితోపాధ్యాయులు శనివారము శనివారము మా లెక్కల పుస్తకములు దిద్ది యిచ్చునపుడు ప్రక్కవాని మార్కులడుగనిచ్చెడివారు కారు. "పోయిన శనివారము నీవెక్కడ నుంటివి, నేడెక్కడ నున్నావు, అది చెప్పుము" అనెడివారు. ఆ మాటయొక్క లోతు మాకు ప్రదర్శన క్షేత్రములలో పని చేసిన పిదపగాని తెలియలేదు.

ఈ పద్ధతిని ఒకమాఱు తప్పించి చూచిన సందర్భమును గలదు. మహమ్మారి కారణముగా 2020లోను, 2021లోను పదవ తరగతి పరీక్షలు జరుగలేదు. మార్కులు లేనందున ఆంధ్రప్రదేశమున ఈ విశ్వవిద్యాలయమునకు ఆ రెండేండ్లును ప్రత్యేక ప్రవేశపరీక్ష పెట్టిరి. అది ఆపత్కాలమునకు తగిన యేర్పాటు, దానిని తప్పుపట్టము. 2022లో మరల పదవ తరగతి మార్కుల పద్ధతికే వచ్చిరి. వచ్చుట మంచిదైనది. ఏలయనగా ప్రవేశపరీక్ష యనగానే శిక్షణాలయము పుట్టును. శిక్షణాలయము పుట్టగానే ఫీజు పుట్టును. ఫీజు పుట్టగానే మన పాసుపుస్తకము వడ్డీవ్యాపారి పెట్టెలోనికి పోవును. ఇంటర్మీడియట్ తరువాతి ప్రవేశపరీక్షల విషయమున జరుగుచున్నది ఇదియే. రాష్ట్రమంతటికిని ఒకే ర్యాంకుల పట్టిక. ఎవడు ఏ నేల నుండి వచ్చెనో ఆ పట్టికకు పట్టదు.

కాని యున్న పద్ధతి చాలునా? చాలదని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. పై చెప్పిన రైతుతో మేము, "జాబితా వచ్చు వఱకు ఎకరము జోలికి పోవద్దు; దరఖాస్తు పెట్టింపుడు" అంటిమి. పెట్టించెను. ఆ బాలిక మండలమందలి ప్రభుత్వ పాఠశాలల బాలికలందఱిలో మొదటిది. అయినను జాబితాలలో పేరు రాలేదు. కొద్దిపాటిలో తప్పిపోయినది. ఆ మండలమునుండి ఆ సంవత్సరము ఒక్క ఆడబిడ్డయు విశ్వవిద్యాలయమునకు పోలేదు. ఇందు ఎవరును మోసము చేయలేదు. నియమములన్నియు సక్రమముగనే నడచినవి. కొలత మాత్రము ఆమె యూరి వఱకు రాలేదు.

ఇట్టి చిక్కును మఱొక దేశమువారు ఎట్లు తీర్చుకొనిరో చూతము. పరదేశపు మాట మనకేల యనవలదు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడినపుడు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారి తోడ్పాటు మనకు లభించినది. పొలమును, పరిశోధనను, పాఠమును ఒకచోట కూర్చు పద్ధతి నాటినుండియు మనకు పరిచితమే. మంచి విత్తనము ఎచ్చటినుండి వచ్చినను మన నేలలో వేసి చూచుట రైతుకు క్రొత్త గాదు.

ఆ అమెరికాలోనే టెక్సాస్ అను విశాలమైన రాష్ట్రమొకటి గలదు. ప్రత్తి సేద్యమునకును, పశువులకును పేరు పడినది. దాని ప్రధాన విశ్వవిద్యాలయము ఆస్టిన్ నగరమున నున్నది. విద్యార్థుల జాతినిబట్టి ప్రవేశమీయరాదని 1996లో ఒక న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతట వెనుకబడిన వర్గముల బిడ్డలకు దారి మూసికొనిపోవునను భయము కలిగెను. అప్పుడు 1997లో ఆ రాష్ట్ర శాసనసభ యొక చట్టము చేసెను. ఇర్మా రాంగెల్ అను సభ్యురాలు ఆ బిల్లును సభలో నడపిరి. దాని సారమిది: రాష్ట్రమందలి యే ఉన్నత పాఠశాల యైనను సరే, నగరమున నున్నను, మారుమూల పల్లెలో నున్నను, తన తరగతిలో నూటికి మొదటి పదిమందిలో నిలిచిన బిడ్డకు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ప్రవేశము హక్కుగా రావలెను. ఆ బిడ్డను దూరపు నగరపు బిడ్డతో పోల్చరు. ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయుని వద్ద చదివిన తోటి బిడ్డలతో పోల్చుదురు. ఒకే మడిలో రెండు వంగడములను పోల్చినట్లన్నమాట.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. మంచి పాఠశాలలో పదునైదవ స్థానమున నున్నవాడు సామాన్యమైన పాఠశాలలో అయిదవ స్థానమువానికంటె నెక్కువ నేర్చియుండవచ్చునని కొందఱు తల్లిదండ్రులు వాదించిరి. ఆ వాదమున కొంత నిజము లేకపోలేదు. మఱియు ఆస్టిన్ విశ్వవిద్యాలయమున చోట్లలో అత్యధిక భాగము ఈ నియమముక్రిందనే నిండసాగెను. అందువలన 2009లో చట్టమును సవరించి, ఆ యొక్క విశ్వవిద్యాలయమున ఈ హక్కుక్రింద నిండు చోట్లు ఆ రాష్ట్రపు బిడ్డలకిచ్చు చోట్లలో నూటికి 75కు మించకుండునట్లు చేసిరి. దానివలన నూటికి పదిమంది యను గీత క్రమముగా తగ్గి, ఇటీవలి సంవత్సరములలో ఆఱుకు దిగెను. 2026లో చేరువారికి అయిదని నిర్ణయించిరి. మనము గమనింపవలసినది యేమనగా, వారు గీతను జరిపిరి గాని కొలతను విడువలేదు. పాతిక సంవత్సరములకు పైగా అది నిలిచియున్నది.

దీనిని మన నేలకు తగినట్లు మార్చి యిట్లు ప్రతిపాదించుచున్నాము. ఆంధ్రప్రదేశమున మండలములు ఇంచుమించు 680 గలవు. ప్రతి మండలమందును ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బిడ్డలలో మొదట నిలిచిన ఒక బాలునికిని, ఒక బాలికకును ట్రిపుల్ ఐటీలో చోటు హక్కుగా నీయవలెను. మొత్తము 1,360 చోట్లగును. నాలుగు వేలలో ఇది మూడవ వంతు మాత్రమే. తక్కిన రెండు వంతులు ఇప్పటివలెనే రాష్ట్రమంతటి మార్కులనుబట్టి నింపవచ్చును. మార్కులు మఱీ తక్కువగా నున్న బిడ్డ చేరి బాధపడకుండుటకు ఒక కనీసపు గీత పెట్టవచ్చును. దీనివలన ఎవరి యన్నమును పోదు. ప్రతి మండలమునను ప్రతి యేడును ఇద్దఱు బిడ్డలు విశ్వవిద్యాలయమునకు పోవుదురు. మా ఊరినుండి కూడ పోవచ్చునని తక్కినవారు కన్నులార చూతురు. ఒక రైతు క్రొత్త వంగడము వేసి పండించినచో చుట్టుప్రక్కల పదిమంది విత్తనమడుగుదురు. చదువును అట్లే వ్యాపించును.

"పల్లెటూరి బిడ్డలు అచ్చట చేరి నెగ్గుకొనిరాగలరా?" అను సందేహము మఱొకటి. తెలుగున చదివిన బిడ్డకు మొదటి సంవత్సరము ఆంగ్లము కష్టమే. నారుమడినుండి పీకి నాటిన మొక్క వారము దినములు వాడియుండును. వేరు పట్టిన పిదప నిలుచును. వాడినదని పీకివేయువాడు సేద్యగాడు కాడు. అయితే నీరు పెట్టవలసిన బాధ్యత నాటినవానిది. 2022 జూనులో బాసరలో వేలకొలది విద్యార్థులు సరియైన వసతులు కావలెనని దినముల తరబడి ఎండలోను వానలోను కూర్చుండిరి. బిడ్డలను చేర్చుకొనుటతో ప్రభుత్వపు పని ముగియదని ఆ బిడ్డలే చెప్పిరి. మేమును ఆ మాటయే చెప్పుచున్నాము.

వ్యవసాయ విశ్వవిద్యాలయపు సంగతియు రైతులు తెలిసికొనవలెను. పదవ తరగతి పిదప చేరదగిన వ్యవసాయ పాలిటెక్నిక్కులు గలవు, చదువు రెండేండ్లు. ఒకటవ తరగతినుండి పదవ తరగతి లోపల కనీసము నాలుగేండ్లయినను గ్రామ ప్రాంతమున చదివియుండవలెనను నియమము ఇందు గలదు. ఈ డిప్లమా ముగించినవారు అగ్రిసెట్ అను పరీక్ష వ్రాసి వ్యవసాయ బి.ఎస్‌సి.లో చేరవచ్చును. ఇంటర్మీడియట్ ద్వారా బి.ఎస్‌సి.కి వచ్చువారిలోను రైతు బిడ్డలకు రైతు కోటా యని ప్రత్యేకముగా చోట్లు కేటాయించియున్నారు. దానికిని గ్రామమున చదివిన చదువును, కుటుంబమునకు గల భూమిని చూతురు. మా దృష్టిలో ఇది మంచి కొలత. విత్తనము చల్లుట చూడనివాడు విత్తన శాస్త్రము చదువరాదని కాదు. చూచినవానికి ఆ యనుభవము ఒక యోగ్యతగా లెక్కకు రావలెనని.

అయితే ఇందును ఒక లోపము గలదు. భూమి గలదని చూపుటకు కాగితము కావలెను. కౌలు రైతు ఏ కాగితము చూపును? ఏడాది పొడుగున దున్ని, నాటి, కోసి, బస్తాలకెత్తువాడు వాడే. కాని కాగితమున వాని పేరుండదు. ఆంధ్రప్రదేశమున కౌలుదారులకు సాగు హక్కు పత్రములిచ్చుటకు 2019లో చట్టము చేసిరి. పంట ఋణమునకై యుద్దేశించిన ఆ పత్రమును బిడ్డ చదువునకును చెల్లునట్లు చేయవలెను. భూమి కలవాని బిడ్డ రైతు బిడ్డయై, భూమి దున్నువాని బిడ్డ కాకపోవుట వినుటకే వింతగా నున్నది.

ఇంత వఱకు ప్రభుత్వమును గుఱించి చెప్పితిమి. ఇక మనలను గుఱించి కొంచెము చెప్పుట న్యాయము. మార్కులే కొలత యైనపుడు మార్కు నిజమైనదిగా నుండవలెను. దొంగ తూనికరాయితో తూచిన బస్తాకు విలువ లేదు. సంఘ సభ్యులకు ఈ మాట వేఱుగా చెప్ప నక్కఱలేదు. కొన్నాళ్లు నూటికి 20 మార్కులు పాఠశాలలవారే వేసికొను పద్ధతి యుండెను. ఆంధ్రప్రదేశమున 2019లో దానిని తీసివేసిరి. 2022లో పదవ తరగతి ప్రశ్నపత్రములు బయటికి పొక్కి, ఉపాధ్యాయులు సహితము నిర్బంధింపబడిరి. పరీక్షా కేంద్రపు గోడవెనుక నిలిచి తమ్మునికి చీటీ యందించు అన్న మేలు చేయుచున్నాననుకొనును. వాడు నిజముగా చేయుచున్నది ప్రక్క బల్లమీద కష్టపడి వ్రాయుచున్న బిడ్డ నోటి కూడు తీయుట. అంతేకాదు; పల్లె మార్కులు నమ్మదగినవి కావని పట్టణమువారు చెప్పుటకు వాడే సాక్ష్యమిచ్చుచున్నాడు. ఆ మాట నిలిచినచో ఈ పద్ధతి పోయి మరల ప్రవేశపరీక్ష వచ్చును. దానితో శిక్షణాలయము వచ్చును. అప్పుడు మనమెవరిని నిందింపగలము?

రెండవ సంగతి: ఏడవ తరగతి ముగియగానే బిడ్డను దూరపు వసతి పాఠశాలకు పంపుటకు తొందరపడు రైతులు మాకు తఱచు కనబడుచున్నారు. మీ యూరి బడిలో ఉపాధ్యాయులు లేకున్నచో, చదువు సాగకున్నచో, మీ నిర్ణయమును కాదనము. కాని బడి నడచుచునే యుండగా, ప్రక్కింటివాడు పంపెనని ఎకరము తాకట్టు పెట్టి పంపువారు ఒక లెక్క వేసికొనవలెను. ప్రభుత్వ పాఠశాలను విడిచిన బిడ్డ ఆ 24 మార్కులను విడుచుచున్నది. అవి తిరిగి రాబట్టుటకు ఎన్ని వేలు పోయవలెనో, దానికి వడ్డీ యెంతయో, ఆ డబ్బుతో ఊరి బడికి ఒక గణితోపాధ్యాయుని సాయంకాలపు చదువునకై కుదుర్చుకొనవచ్చునేమో, కూర్చుండి లెక్కింపుడు.

మూడవది: ఆడబిడ్డల సంగతి. ట్రిపుల్ ఐటీ ప్రవేశ జాబితాలలో ఇటీవల బాలురకంటె బాలికలే ఎక్కువగా నుందురు. కాబట్టి ఆడపిల్లకు అంత దూరమేల యను తండ్రి తన యింటిలోని మంచి విత్తనమును గాదెలోనే పురుగు పట్టించుచున్నాడు.

ఇక మన సహకార సంఘములు చేయదగిన పని కొంత గలదు. ఇందుకు చట్టము మారనక్కఱలేదు. ఈ సంవత్సరమే చేయవచ్చును. ఫలితములు వెలువడిన పిదప దరఖాస్తుకు ఇచ్చు గడువు కొద్ది వారములే. ప్రకటన వచ్చిన దినముననే దానిని తెలుగున వ్రాసి సంఘ కార్యాలయపు గోడకు అంటింపవలెను. నియమములు ఏటేట మాఱుచుండును గనుక పోయిన యేటి కాగితమును నమ్మరాదు. చదువు ధ్రువపత్రము, కుల, ఆదాయ పత్రములు ఏవేవి కావలెనో ముందుగనే చెప్పి మార్చి నెలలోనే సిద్ధము చేయింపవలెను. దరఖాస్తు రుసుమునకును, ప్రయాణమునకును లేక ఆగిపోవు బిడ్డకు సంఘము చిన్న మొత్తమును వడ్డీ లేక యీయవచ్చును. విత్తనమునకు అప్పిచ్చు సంఘము దీనికి వెనుదీయరాదు. సంఘ పరిధిలోని పాఠశాలలలో గణితోపాధ్యాయుని స్థానము ఖాళీగా నున్నదేమో విచారించి, ఉన్నయెడల సర్వసభ్య సమావేశమున తీర్మానము చేసి పై యధికారులకు పంపవలెను. మండలమునకు ఇద్దఱను ప్రతిపాదనను గూడ ఆ సమావేశమున చర్చించి, సభ్యులకు నచ్చినచో శాసనసభ్యునికి వ్రాయవలెను. నచ్చకున్నచో ఎందుకు నచ్చలేదో ఈ పత్రికకు వ్రాయుడు, సంతోషముతో చదివెదము.

ఆ మూడెకరముల రైతు కుమార్తె ఇప్పుడు వ్యవసాయ పాలిటెక్నిక్కులో చదువుచున్నది. ఎకరము తాకట్టు పడలేదు. సంక్రాంతి సెలవులకు వచ్చినపుడు మా ప్రదర్శన క్షేత్రమునకు వచ్చి, వరి దుబ్బులలో పిలకలు లెక్కించి, "అయ్యగారూ, ఈ మడి చివర పిలకలు తక్కువగా ఉన్నవి, నీరు సరిగా అందుట లేదు కాబోలు" అనినది. మేము పోయి చూచితిమి. ఆమె చెప్పినది నిజమే. చివరకు నీరందని సంగతి ఆమెకు తెలిసినంతగా మఱొకరికి తెలియదు. మన విశ్వవిద్యాలయపు నీరును ఆ చివరి మడి వఱకు పోవలెనని మా కోరిక.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు